చందాదారుని చిట్టా

భూమి గల ప్రతి కుటుంబమునకును కరణముగారి చిట్టా యననేమో తెలియును. పొలము మనదే, దున్నినది మనమే, శిస్తు కట్టినది మనమే; అయినను చిట్టాలో నొక్క సర్వే నంబరు తప్పుగా బడినచో రెండు తరములు కచ్చేరీల చుట్టు తిరుగవలసి వచ్చెడిది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణీకమును రద్దు చేసినది. చిట్టా మాత్రము రద్దు కాలేదు. అది కాగితమును విడిచి కంప్యూటరులోనికి బోయినది. 2020లో తెలంగాణమున ధరణి వచ్చినప్పుడును, 2025లో భూభారతి దాని స్థానమునకు వచ్చినప్పుడును ఆ మాట పలుకని రచ్చబండ లేదు. భూమి చిట్టాపై మన కంత శ్రద్ధ గలదు.

కాని మన పేర నింకొక చిట్టా యున్నది. దానిని మనము చూడలేదు. దాని నకలు మన కెవ్వరును ఈయలేదు. అది యెచ్చట నుండునో కూడ మనలో పెక్కుమంది కెఱుక లేదు. అదియే సెల్‌ఫోను కంపెనీలు తమ చందాదారులను గూర్చి వ్రాసియుంచు చిట్టా. నేడు మనుష్యుడు బ్యాంకులోని తన సొమ్మును దాను ముట్టుకొనవలె నన్నను, ఆ చిట్టాలోని యొక్క పంక్తి సరిగా నుండవలసిన దశ వచ్చినది. కావున దానిని గూర్చి పాఠకులకు విన్నవించుట మా విధి యని తలంచుచున్నాము.

బీరువాలోని ఫోను

మా కెఱుకైన యొక రైతు కథతో నారంభింతుము. ఆయన తెనాలి ప్రాంతమువారు. డెబ్బది యేండ్ల వయస్సువారు. పదియెకరముల మాగాణి గలవారు. కుమారుడు అమెరికాలో నుద్యోగి. మనుమరాలు పుట్టినదని విని దంపతు లిరువురును బయలుదేరి, అచ్చట ఆరు నెలలుండి, వచ్చునపుడు హైదరాబాదులో కుమార్తె యింట మూడు నెలలు నిలిచి స్వగ్రామమునకు జేరిరి. కుమారుడు వేఱొక ఫోను కొని యిచ్చుటచే ఇంటి ఫోను బీరువాలో బట్టల నడుమ నుండిపోయినది. దానికి రీఛార్జి చేయింపవలెనన్న తలంపు ఎవ్వరికిని రాలేదు.

ఎరువుల వర్తకునకు సొమ్ము పంపుటకై ఆయన ఆ ఫోను బయటకు దీసిరి. బ్యాంకు ఓటీపీ పంపితిననుచున్నది, ఓటీపీ రాదు. వానకు టవరు చెడినదేమో యని రెండు దినములు చూచి, మూడవ దినమున బ్యాంకునకు బోయిరి. కౌంటరునందున్న కుఱ్ఱవాడు తన ఫోనుతో ఆ నంబరునకు పిలిచి చూచెను. గుంటూరులో చదువుకొనుచున్న యొక బాలిక పలికినది. "నెల రోజుల నుంచి ఎవరివో బ్యాంకు మెసేజీలు నాకు వస్తున్నాయండీ, మీవేనా?" యని యామెయే యడిగినది. కుఱ్ఱవాడు ఫోను క్రింద బెట్టి, "తాతగారూ, ఈ నంబరు ఇప్పుడు మీది కాదండీ" యనెను.

పదునాలుగేండ్లు వాడిన నంబరు. బంధువుల చేతనుండు శుభలేఖలపై అచ్చయిన నంబరు. బ్యాంకు, వంటగ్యాసు, ఆధారు, పెన్షను అన్నియు దానికే ముడిపడి యున్నవి. ఆ బాలిక మంచిది గనుక సరిపోయినది. ఆమె స్థానమున దుర్బుద్ధి గలవా డుండినచో పదియెకరముల పంట సొమ్ము ఏమయ్యెడిదో పాఠకులే యూహింతురు గాక.

ఈ కథలో దొంగ లేడు. ఎవ్వరును చట్టమును మీఱలేదు. ఎచ్చటనో ఒక చిట్టాలో ఒక పంక్తి కొట్టివేయబడి, అదే నంబరుతో వేఱొకరి పేర క్రొత్త పంక్తి వ్రాయబడినది. అంతే. ఆ పంక్తి యెట్టిదో, దానిని వ్రాయువా రెవ్వరో, కొట్టివేయువా రెవ్వరో తెలిసికొనినగాని ఈ యన్యాయమునకు మందు దొరకదు.

ఇంటి పుస్తకము, సత్రపు పుస్తకము

పూర్వపు టెలిఫోనుకు తీగ యుండెడిది. తీగ చివర నెవరి యిల్లున్నదో వారే చందాదారు. తీగయే చిరునామా. సెల్‌ఫోనునకు తీగ లేదు. ఉదయము విజయవాడలోను, మధ్యాహ్నము రాజమహేంద్రవరములోను, రాత్రి రైలులోను ఉండు మనుష్యుని వెదకి పట్టుకొనుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానమే చందాదారుల చిట్టా. 1991 జూలై 1వ తేదీన ఫిన్లండు దేశమున మాజీ ప్రధాని హారీ హోల్కెరి జీఎస్ఎమ్ పద్ధతిపై మొదటి పిలుపు చేసిరి. 1995 జూలై 31వ తేదీన పశ్చిమ బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తా నుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్ గారితో మాటలాడుటతో మన దేశమున సెల్‌ఫోను ఆరంభమైనది. ఆనాటి నుండి నేటివరకు యంత్రములెన్ని మారినను చిట్టా సూత్రము మారలేదు.

ప్రతి కంపెనీ యొద్దను ఒక ప్రధాన చిట్టా యుండును. దానికి హోమ్ లొకేషన్ రిజిస్టరని పేరు. అనగా ఇంటి పుస్తకము. 4జీలో దానినే హోమ్ సబ్‌స్క్రైబర్ సర్వరనియు, 5జీలో యూనిఫైడ్ డేటా మేనేజ్‌మెంటనియు అనుచున్నారు. ప్రతి చందాదారునకును అందులో నొక పంక్తి. ఆ పంక్తిలో మనము వాడు పది యంకెల నంబరుండును. దాని ప్రక్కన సిమ్ములో దాగియున్న 15 అంకెల వేఱొక సంఖ్య యుండును. దీనిని ఐఎమ్ఎస్ఐ యందురు. మొదటి మూడంకెలు దేశమును (మన దేశమునకు 404, 405), తరువాతి రెండు లేక మూడు అంకెలు కంపెనీని, మిగిలినవి చందాదారుని తెలుపును. మఱియు ఈ చందాదారునకు ఏయే సౌకర్యములు గలవు, ఏవి నిలుపబడినవి, పరదేశములందు వాడుటకు అనుమతి గలదా లేదా, ప్రస్తుత మే ప్రాంతపు కేంద్రములో నున్నాడు అను వివరములన్నియు ఆ పంక్తిలోనివే.

ప్రాంతప్రాంతమునకును వేఱొక పుస్తకముండును. దాని పేరు విజిటర్ లొకేషన్ రిజిస్టరు. దీనిని సత్రపు పుస్తకమని చెప్పవచ్చును. మన ఫోను క్రొత్త ప్రాంతమున కాలు పెట్టగానే ఆ సత్రమువారు ఇంటి పుస్తకమునకు కబురు పంపుదురు. ఇంటి పుస్తకము "ఔను, మావాడే, ఇవి వానికి గల సౌకర్యములు" అని సమాధానమంపి, మన పంక్తిలో క్రొత్త సత్రము పేరు వ్రాసికొని, పాత సత్రమునకు "వానిని మీ పుస్తకమునుండి కొట్టివేయుడు" అని యాజ్ఞ యిచ్చును. ఇదంతయు కొన్ని క్షణములలో ముగియును. మన రైతు తన సిమ్మును అమెరికాకు తీసికొనిపోయి రోమింగు పెట్టించుకొని యుండినచో, అచ్చటి కంపెనీవారి సత్రపు పుస్తకములో ఆయన పేరు చేరెడిది. ఇచ్చటి ఇంటి పుస్తకములో ఆ సత్రపు జాడ పడెడిది.

ఎవరైన మనలను పిలిచినప్పుడు పిలుపు తిన్నగా మనయొద్దకు రాదు. మొదట ఇంటి పుస్తకము నడుగును. అది సత్రము నడుగును. సత్రము ఆ యొక్క పిలుపునకై తాత్కాలికముగా నొక దారి నంబరు నిచ్చును. పిదప ఆ ప్రాంతపు టవరులన్నియు ఒకేమారు చాటింపు వేయును. మన ఫోను "ఇచ్చట నున్నాను" అని పలుకును. ఆ చాటింపులో సాధారణముగా మన యసలు సంఖ్యను పలుకరు. దారిని బోవువాడు వినకుండుటకై సత్రమువారిచ్చిన తాత్కాలికపు పేరుతోనే పిలుతురు.

ఇంకొకటి కలదు. అది తాళము. సిమ్ములోను, కంపెనీ యొద్దనున్న తాళపుగదిలోను ఒకే రహస్యపు సంఖ్య యుండును. ఆ సంఖ్య గాలిలో నెన్నడును ప్రయాణము చేయదు. కంపెనీ ఒక లెక్క యిచ్చును. సిమ్ము తన రహస్యముతో దానిని చేసి సమాధానము మాత్రము పంపును. రెండు సమాధానములు సరిపోయిన తలుపు తెఱవబడును. ఇది మిక్కిలి తెలివియైన యేర్పాటు. కాని తాళపుగది తలుపే విరిగిన నాడు ఈ తెలివి యేమియు పనికిరాదు.

గుమస్తా కలము

పాఠకులు ముఖ్యముగా గమనింపవలసిన విషయ మొకటి గలదు. మన పది యంకెల నంబరు మన ఫోనులో లేదు. సిమ్ములోను పాదుకొని యుండదు. అది చిట్టాలో నున్నది. సిమ్ము పోయినదని మనము దుకాణమునకు బోయినప్పుడు వారు చేయునది యేమి? క్రొత్త సిమ్ములోని 15 అంకెల సంఖ్యను మన నంబరు ప్రక్కన వ్రాసి, పాతదానిని కొట్టివేయుదురు. ఆ క్షణమునుండి పాత సిమ్ము జీవములేని రేకుముక్క. క్రొత్త సిమ్ము మన గొంతుక. అనగా ఒక గుమస్తా కలముపోటుతో మన పేరు, మన నంబరు, మన ఓటీపీ లన్నియు నొక చేతినుండి వేఱొక చేతికి బోవును. సిమ్ము మార్పు మోసములన్నియు ఈ కలముపోటును కొనుటయో, మభ్యపెట్టి వ్రాయించుటయో తప్ప వేఱుకాదు. నంబరు నిలుపుకొని కంపెనీ మార్చుకొను సౌకర్యము 2010 నవంబరులో హర్యానాలోను, 2011 జనవరి 20 నుండి దేశమంతటను వచ్చినది. అది చందాదారునకు మేలే చేసినది. కాని మోసగాండ్రకు సయితము రెండవ ద్వారమైనది. కావుననే సిమ్ము మార్చిన 7 దినములలోపల కంపెనీ మార్పునకు కోడు ఈయరాదని ట్రాయి వారు చేసిన నియమము 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. ఇది ముదావహము.

కంపెనీలోపల ఈ చిట్టా యొక్కటియే గాదు. పేరు, చిరునామా, ఛాయాచిత్రము, లెక్కలు ఉండు వ్యాపారపు పుస్తకము వేఱు. పైన వర్ణించిన యంత్రపు పుస్తకము వేఱు. ఈ రెండును ఎల్లప్పుడును సరిపోవలయును. మొదటిదానిలో సొమ్ము జమయై, రెండవదానిలో "నిలుపుము" అను గుర్తు తొలగింపబడకున్నచో, సొమ్ము కట్టినవానికి ఫోను మ్రోగదు. మొదటిదానిలో చందా రద్దయి, రెండవదానిలో పంక్తి మిగిలియున్నచో, లేని మనిషి పేర ఫోను మ్రోగుచుండును. అందుచే రాత్రింబవళ్లు రెండు పుస్తకములను సరిచూచుట పెద్ద పని. చేయువారి పేరు పత్రికలలో రాదు. తప్పు జరిగినప్పుడే అట్టి పని యొకటి గలదని లోకమునకు తెలియును.

రెండు దేశముల పాఠము

తప్పు జరిగినప్పుడేమగునో రెండు దేశములు మనకు చూపినవి. 2022 జూలై 2వ తేదీన జపాను దేశములో కేడీడీఐ కంపెనీవారు ఒక యంత్రమును మార్చుచుండగా దారి తప్పుగా వ్రాయబడి మాటల ప్రసారము కొంతసేపు ఆగినది. ఆగినది కొన్ని నిమిషములే. కాని ఆ నిమిషములలో జాడ తప్పిన ఫోనులన్నియు ఒకేమారు "మా పేరు వ్రాయుడు, మా పేరు వ్రాయుడు" అని చిట్టామీద బడినవి. తిరునాళ్లలో నొకే ద్వారమునుండి జనమంతయు దూసికొని వచ్చినట్లయినది. చిట్టా ఉక్కిరిబిక్కిరియై, చందాదారుల వివరములు ఒకదానికొకటి పొంతన లేకుండ బోయినవి. 61 గంటలకు పైగా మూడు కోట్లకు పైబడిన చందాదారులు అవస్థపడిరి. అంబులెన్సునకు, అగ్నిమాపకులకు చేయు పిలుపులు సయితము కొన్నిచోట్ల ఆగినవి. చెడినది టవరు కాదు, తీగ కాదు. చిట్టా సరిదిద్దుటకే అంతకాలము పట్టినది.

రెండవ పాఠము దక్షిణ కొరియా దేశమునుండి వచ్చినది. 2025 ఏప్రిలులో అచ్చటి అతి పెద్ద కంపెనీయగు ఎస్కే టెలికామ్ చందాదారుల చిట్టా దొంగిలింపబడినట్లు బయటపడినది. దాదాపు 2 కోట్ల 30 లక్షల మంది వివరములు, వాటితోపాటు సిమ్ముల రహస్యపు సంఖ్యలు దొంగలపాలైనవి. విచారణలో తేలినదేమనగా, దొంగలు 2021 నాటికే లోపల ప్రవేశించిరి. తాళపుగదిలోని సంఖ్యలు గుప్తలిపిలో గాక చదువుటకు వీలుగానే వ్రాయబడి యుండెను. కంపెనీవారు అందఱికిని ఉచితముగా సిమ్ములు మార్చెదమనగా దుకాణముల యెదుట బారులు తీఱినవి, సిమ్ములు చాలలేదు. ఆగస్టు నెలలో అచ్చటి ప్రభుత్వసంఘము ఆ కంపెనీకి 13,400 కోట్ల వాన్లకు పైగా జరిమానా విధించినది. మొదటి పాఠము: చిట్టా సరిగా నుండవలెను. రెండవ పాఠము: చిట్టా భద్రముగా నుండవలెను. మన దేశము నేర్పు మూడవ పాఠ మొకటి యున్నది: చిట్టాలోని పేరు నిజమైనదై యుండవలెను.

మన పేర నెవరి ఫోనులు?

మన దేశములో నొక మనుష్యుని పేర 9 కనెక్షన్లకు మించి యుండరాదు. జమ్మూ కాశ్మీరు, అస్సాము, ఈశాన్య రాష్ట్రములలో 6 మాత్రమే. నియమ మింత స్పష్టముగా నుండగా 2023 ఆగస్టులో విజయవాడలో నొకే ఛాయాచిత్రముతో 658 సిమ్ములు తీసికొనబడినవని బయటపడినది. దేశమంతట ముఖములను పోల్చిచూచు యంత్రముచేత 40 లక్షలకు పైగా దొంగ కనెక్షన్లు కనుగొనబడి, 36 లక్షలకు పైగా తొలగింపబడినవని 2023 మే నెలలో ప్రభుత్వమువారే ప్రకటించిరి. సంతబజారులో గొడుగు క్రింద కూర్చుండి సిమ్ములమ్ము కుఱ్ఱవానికి మన మిచ్చిన ఆధారు నకలు ఎన్నిమారులు వాడబడినదో మన కెట్లు తెలియును? ఆ సిమ్ముతో వేఱొకచోట నొక వృద్ధురాలిని మోసగించిరేని పోలీసులు తలుపు తట్టునది మన యింటనే.

తెలిసికొను మార్గ మిప్పుడు గలదు. తన పేర నెన్ని నంబరు లున్నవో చందాదారుడే చూచుకొని, తనవి గానివానిని తొలగింపుడని కోరు ఏర్పాటు 2021లో మొట్టమొదట మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోనే వచ్చినది. 2023 మే 16న అది సంచార్ సాథీ యను పేరుతో దేశమంతటికి విస్తరింపబడినది. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము మోసముచే సిమ్ము పొందినవానికి మూడేండ్ల వరకు కారాగారమో, 50 లక్షల రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చునని చెప్పినది. 2024 జనవరి 1 నుండి కాగితపు దరఖాస్తులు పోయి, కంప్యూటరు ద్వారానే గుర్తింపు జరుగుచున్నది. ఇవన్నియు మంచివే.

అయినను మఱచిపోగూడని మాట యొకటి. మనలను పిలుపునకు వెదకి పట్టుకొను పుస్తకమే మనలను వెంబడించుటకును పనికివచ్చును. మన మేవేళ నే ప్రాంతమున నుంటిమో అది యెఱుగును. ఫోను వినుట వ్యక్తి గోప్యతపై దాడియని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పినది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తు లేకగ్రీవముగా తీర్మానించిరి. సెల్‌ఫోనునకు ఆధారు ముడిపెట్టుట నిర్బంధము గాదని 2018 సెప్టెంబరు 26న అదే న్యాయస్థానము తీర్పు చెప్పినది. 2025 నవంబరులో సంచార్ సాథీ యాపును ప్రతి క్రొత్త ఫోనులోను ముందుగనే పెట్టవలెనని ప్రభుత్వము కంపెనీల నాజ్ఞాపింపగా, దేశమున గగ్గోలు పుట్టి, డిసెంబరు 3న ఆ నిర్బంధము ఉపసంహరింపబడినది. ప్రజలు ఆ సౌకర్యము వలదనలేదు, బలవంతము వలదనిరి. చిట్టాను చూచు హక్కు చందాదారునకు కావలెను. చందాదారుని చూచు హక్కు చిట్టాకు మితముగా నుండవలెను. మా మత మిదియే.

నంబరు చావు, పునర్జన్మ

ఇక మన రైతు సంగతికి వత్తము. 90 దినములు వాడకములో లేని నంబరును కంపెనీ తీసివేయవచ్చును. ఖాతాలో 20 రూపాయలు మిగిలియున్నచో దానితో మఱికొంతకాలము నిలుపవలెనన్న నియమము 2013 నుండి గలదు. మన రైతు ఖాతాలో నది కూడ లేకపోయెను. తీసివేసిన నంబరును మఱి 90 దినములవరకు వేఱొకరి కీయరాదు. ఆపై ఈయవచ్చును. దేశమున నంబర్లు అనంతములు గావు గనుక పాతవాటిని తిరిగి వాడక తప్పదు. దీనిని మేము తప్పుబట్టము. ఆడంగలులో బంజరుగా బడియున్న నేలను వేఱొకరికి పట్టా యిచ్చునట్లే యిదియును. కాని పట్టా రద్దుచేయుటకు ముందు నోటీసు ఇయ్యవలెను గదా!

ఈ విషయమై సుప్రీంకోర్టులో వ్యాజ్యము కూడ జరిగినది. 2023 నవంబరులో న్యాయస్థానము 90 దినముల గడువును పేర్కొని, నంబరు విడుచునప్పుడు దానితో ముడిపడిన తన సమాచారమును తొలగించుకొనుట మొదటి చందాదారుని పనియే యని తీర్మానించినది. తీర్పు శిరోధార్యము. కాని నంబరును బుద్ధిపూర్వకముగా విడిచినవానికిని, ఎఱుగకయే పోగొట్టుకొనినవానికిని భేద మున్నది. మన రైతు విడువలేదు, బీరువాలో పెట్టిరి. విడిచితిననియే యెఱుగనివాడు దేనిని తొలగించుకొనును?

రద్దయిన నంబర్లకు జాబితా యొకటి గలదు. దానిని చూచి తమ ఖాతాలలోని నంబర్లను సరిచూచుకొనుడని రిజర్వుబ్యాంకు 2025 జనవరిలో బ్యాంకులకు ఉత్తరువు చేసినది. ఉత్తరువు జారీయగుట వేఱు, తెనాలి కౌంటరునకు చేరుట వేఱు. ఆ జాబితాను ఎవరైన తెఱచి చూచియుండినచో, గుంటూరు బాలికకు నెలరోజులు పరాయివాని బ్యాంకు సంగతులు పోయియుండునా?

మేము కోరునది

మేము కోరునవి నాలుగే. మొదటిది, నంబరు తీసివేయుటకు ముందు కంపెనీ ఆ నంబరునకే సందేశము పంపి చేతులు దులుపుకొనరాదు. బీరువాలో నారిపోయిన ఫోనునకు పంపిన సందేశము నోటీసు కాదు. దరఖాస్తులో రెండవ నంబరో, ఇంటి చిరునామాయో యుండును. దానికి తెలుగులో నొక జాబు రావలెను. రెండవది, రద్దయిన నంబర్ల జాబితాను సరిచూడని బ్యాంకు, దానివలన కలిగిన నష్టమునకు తానే జవాబు చెప్పవలెను. మూడవది, సిమ్ము మార్చు ప్రతి కలముపోటునకును వ్రాసినవాని పేరు, వేళ, స్థలము చిట్టాలో నుండి, అడిగిన చందాదారునకు చూపబడవలెను. నాలుగవది, పట్టాదారునకు పాసుపుస్తక మున్నట్లు చందాదారునకు తన పంక్తి నకలు దొరకవలెను. తన సమాచారమును తాను చూచి సవరింపుమని కోరు హక్కును 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చెప్పినది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడినది. హక్కు గెజెట్టులో నున్నంత మాత్రమున చాలదు. గ్రామమువరకు నడిచి రావలెను.

ఇంత వ్యయ మెవరు భరింతురని కంపెనీలవారు ప్రశ్నింపవచ్చును. ఉత్తరము ఖర్చును చందాదారుడే యిచ్చునన్నను మే మాశ్చర్యపడము. రీఛార్జికి నెలనెలకు ఇచ్చువాడు ఒకమారు తపాలాబిళ్ల వెల యీయలేడా? కొరియా కంపెనీ కట్టిన జరిమానాతో పోల్చినచో ఈ వ్యయ మెంత?

అంతవరకు మన చేతిలోని పని మనము చేసికొందము. ఈ వారమే సంచార్ సాథీలో మన పేర నెన్ని నంబర్లున్నవో చూచుకొనవలెను. మనది గానిది కనబడిన వెంటనే తెలుపవలెను. మన యిండ్లలో తండ్రిగారి పేర సిమ్ము కొడుకు వాడుట, దుకాణదారు పేర సిమ్ము పాలేరు వాడుట వాడుకయై పోయినది. స్వర్గస్థులైనవారి పేర నున్న నంబరును వెంటనే వారసుని పేరునకు మార్పించుకొనవలెను. లేనిచో ఆ నంబరుపై తగవు వచ్చిననాడు చిట్టా మృతుని పేరు చెప్పును, బ్రతికియున్నవానికి మాట యుండదు. పరదేశము పోవువారు పొలము కౌలుకిచ్చి పోవునట్లే, నంబరునకు రీఛార్జి చేయించు బాధ్యత నొకరి కప్పగించి పోవలెను. నంబరు మార్చువారు మొదట బ్యాంకునకు జెప్పి, పిమ్మట సిమ్ము విడువవలెను.

మన రైతునకు సొమ్ము పోలేదు. మూడుమారులు బ్యాంకునకు తిరిగి, క్రొత్త నంబరు వ్రాయించుకొనిరి. పాత నంబరు మాత్రము తిరిగి రాలేదు. గుంటూరు బాలిక ఆయనతో, "తాతగారూ, మీ చుట్టాలెవరైనా ఫోన్ చేస్తే మీ కొత్త నంబరు నేను చెప్తానండీ" అనినదట. ఆమె చెప్పుచునే యున్నది. కంపెనీ చేయవలసిన పనిని, బ్యాంకు చేయవలసిన పనిని, ఒక విద్యార్థిని తన చదువు నడుమ చేయుచున్నది. ఆమె సౌజన్యమును మేము కొనియాడుచున్నాము; దానిపై నాధారపడిన యేర్పాటును మాత్రము కొనియాడజాలము.